పన్నెండు అంగీల బొంత

లారీ నంద్యాల దాటకముందే మూట మీద గొడవ మొదలైంది.

గుంటూరు వైపు మిరపకాయలు తెంపడానికి పోయిన చెలిమపల్లె ముఠా మూడు నెలల తర్వాత ఆలూరు దిక్కుకు తిరిగొస్తోంది. లారీ తొట్టిలో వంటగిన్నెలు, గుడిసెల మీద కప్పే పట్టాలు, బిందెలు, వాటి మధ్య ఇరుక్కుని కూర్చున్న మనుషులు. ఆ మనుషుల మధ్యలో మూతి బిగించి కట్టిన యూరియా సంచి ఒకటి. దాని మీద జ్ఞానమణి సింహాసనం ఎక్కినట్టు కూర్చుని ఉంది.

"అది తీసి రోడ్డు మీదికి ఇసిరేయ్. కాళ్లు చాపుకొనేకి జాగా ల్యాదు," అన్నాడు ఆమె మొగుడు యేసుప్రసాద్.

"కాళ్లు ముడుచుకొని కూచో. ఇది మాత్రం ఇంటికొస్తాది."

"పాత అంగీలే గదా! బంగారం మూట మీద కూచున్నట్ల కూచున్నావే!"

"బంగారమైతే నీ మొగాన కొట్టి నిమ్మళంగా ఉందును. ఇవి అంగీలు. ఇయ్యను."

పక్కన కూర్చున్న సిద్దమ్మ పకపకా నవ్వింది. సిద్దమ్మది జ్ఞానమణి ఇంటి వెనక సందు. ఒకరు చర్చికి పోతే ఇంకొకరు మారెమ్మకు మొక్కుతారు గానీ, ఇరవై ఏళ్లుగా ఇద్దరూ ఒకే ముఠాలో, ఒకే సాలులో, పక్కపక్కనే వంగి కాయలు తెంపినవాళ్లు. ఆ సిద్దమ్మకే అర్థం కావడం లేదు, ఈ అంగీల పిచ్చేమిటో.

మిరప చేలోకి దిగే ఆడది చీర మీద మగవాళ్ల ఫుల్‌చేతుల అంగీ వేసుకోవాల్సిందే. లేదంటే కొమ్మ గీరిన చోటల్లా కారం పడి రాత్రంతా మంట. మూడు నెలలు తిరిగేసరికి ఆ అంగీలో అంగీ ఏమీ మిగలదనుకోండి. మోచేతులు పోతాయి. చెమట ఉప్పు వీపు మీద తెల్లటి చారలు కడుతుంది. చేతుల అంచులు మిరపరసం తాగి తాగి అట్టగట్టిపోతాయి. పని ముగిసిన రోజు చెలిమపల్లె ఆడవాళ్లు వాటిని గట్టు మీద కుప్పేసి, తిట్టాల్సినవన్నీ తిట్టేసి, చేతులు దులుపుకుని వచ్చేస్తారు. ఏ ఏడైనా అంతే. ఈ ఏడు మాత్రం జ్ఞానమణి మళ్లీ గట్టు మీదికి పోయి, తనదీ తక్కిన పదకొండు మందివీ ఏరి, సంచిలో కుక్కి మోకాలితో తొక్కి మరీ కట్టింది.

ఎందుకంటారా, దానికి పోయిన ఏడాది కోతపండుగ దాకా వెళ్లాలి.

కోతపండుగ అంటే పండించినవాళ్లు తమ పంటలో కొంత చర్చికి తెచ్చి, ముందు పెట్టి, ప్రార్థన చేయించుకునే పండుగ. జొన్న కంకులు తెస్తారు, బుడ్డల చెట్లు, అదే వేరుశనగ, కాయలతో సహా పీకి తెస్తారు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు. చెలిమపల్లెలో దాన్ని మే నెలలో పెట్టుకుంటారు. ముందే పెడితే సగం ఊరు వలసలో ఉంటుంది, పాట ఎత్తుకుంటే అందుకునే గొంతులుండవు. చూశారా, పండుగ ఆగేది వలస పోయినవాళ్ల కోసం. వాళ్లు వచ్చాక కూర్చోబెట్టేది తలుపు దగ్గర, చెప్పుల కుప్ప పక్కన! ముందు పరిచే జంఖానా పంట తెచ్చినవాళ్లది. అలాగని ఎవరూ ఏ పుస్తకంలోనూ రాయలేదు. అలా కూర్చుంటూ వచ్చారు, అంతే.

పోయిన ఏడాది జ్ఞానమణికి ఏం తోచిందో, పంటలు తెచ్చినవాళ్ల వరసలో తానూ లేచి ముందుకు నడిచింది. చేతిలో ఏమీ లేదు. సంఘపెద్ద దావీదురాజు ఎదురొచ్చాడు. బోరు పడిన ఐదెకరాల ఆసామి, మాట పెద్దది, చెడ్డవాడేం కాదు గానీ తన మాటకు నలుగురూ నవ్వితే ఆ పూట అన్నం అక్కర్లేని మనిషి.

"ఏం జ్ఞానమణీ, చేతులూపుకుంటా వస్తాండావు? పంట యాడ?"

"మూడు నెల్లు మిరప్పండ్లు తెంపింటిమి గదన్నా."

"అది గుంటూరోళ్ల పంట గదమ్మా! మీది యాడుండాది? పో, పోయి ఎనక కూచో."

చర్చి అంతా నవ్వింది. వెనక తలుపు దగ్గర కూర్చున్న ఆమె ముఠావాళ్లు కూడా, పెద్దమనిషి నవ్వాడు కదా అని, నవ్వారు. ఆ నవ్వే ఆమెను కొరికింది. వెళ్లి కూర్చుంది. ఏడవలేదు, గొడవ పడలేదు. ముందు గోడకేసి చూస్తూ ఉండిపోయింది. పండుగనాడు కంకుల గుత్తులు వేలాడేది ఆ గోడకే. వచ్చే ఏడు మా పంట ఆ గోడకు వేలాడాలి, అదెట్లా వేలాడదో చూస్తాను అనుకుంది.

ఇక పని సంగతి వినండి. జ్ఞానమణి చేతికి దబ్బనం కొత్త కాదు. యాభై రెండేళ్ల మనిషి, పదేళ్ల పిల్లగా ఉన్నప్పటి నుంచీ బొంతలు కుడుతోంది. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి, అంచు నుంచి మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ నడిమధ్యకు వచ్చే కుట్టు ఆమెది. ఇల్లు ఇరుకు కాబట్టి ఎప్పుడూ చర్చి వరండాలోనే పరుచుకుంటుంది. కాకపోతే ఇది కప్పుకునే బొంత కాదు, గోడకు నిలబడాల్సింది. చీరలు పనికిరావు. గోనెసంచులు విప్పి ఇరవై అడుగుల పొడవున అతికింది. పన్నెండు అంగీలకూ జొన్నగంజి చిక్కగా పట్టించి ఎండలో పరిచింది. గంజి పెట్టకపోతే గుడ్డ రంగును తాగేస్తుంది మరి. అంగీలు అప్పడాల్లా బిరుసెక్కాక గోనె మీద వరసగా, చేతులు చాపి, ఒకదాని చేయి పక్కదాని భుజం మీద పడేలా పెట్టి కుట్టింది. తలలు లేవు, కాళ్లు లేవు. అంగీలే మనుషులు.

ఉతకలేదా అంటారేమో. ఉతకలేదు. ఉతికితే ఉప్పు చారలు పోతాయి, మరకలు పోతాయి. "మరకలు పోయినంక ఇంక మేమేముండాం అందులో?" అని ఆమె లెక్క.

అంగీల కింద మిరప సాళ్లు రావాలి. దానికి గోనె పురి లాగి, రెండు మూడు పేటలు మెలేసి, కొమ్మలు కొమ్మలుగా పరిచి కుట్టింది. కాయలకు రంగు కావాలి. ఏరువాక పున్నమికి ఎద్దుల కొమ్ములకు పూసే రంగు రైతు సోమన్న ఇంట్లో మిగిలి ఉంటుందని గుర్తొచ్చి ఆయన గడప తొక్కింది.

"కొమ్ముల రంగు నీకెందుకమ్మా? నీకేమన్నా కొమ్ములు మొలిచినాయా?" అన్నాడు సోమన్న.

"మొలిచినాయప్పా. అందుకే అడుగుతాండా."

సోమన్న కిందా మీదా పడి నవ్వి ఎరుపు, పచ్చ, పసుపు డబ్బాలు మూడూ ఇచ్చేశాడు. ఏడాది నాటి రంగు గడ్డకట్టి ఉంటే కిరసనాయిలు పోసి కలిపింది. వేపపుల్ల కొస నమిలి కుంచె చేసింది. కాయ కాయకూ ఒక ఎర్ర గీత. వేలు నొప్పెట్టేదాకా గీసి, ఆ తర్వాత వేలితోనే అద్దింది.

ముఠా ఆడవాళ్లు మొదట చూసిపోయేవాళ్లు, తర్వాత కూర్చునేవాళ్లు, తర్వాత దబ్బనం లాక్కునేవాళ్లు. ఎవరి అంగీ చుట్టూ వాళ్లే కుట్టుకోవాలని జ్ఞానమణి పెట్టిన షరతు. ఒకామె కుట్టు చీమల బారులా సన్నగా ఉంటే ఇంకొకామెది ఎద్దు అడుగుల్లా ఎడమెడంగా పడింది.

"నా చెయ్యి ఇంత లావుండాదా?" అంది సిద్దమ్మ, గళ్ల అంగీ చేతిని పట్టుకుని.

"అది నీ మొగుని చెయ్యి. నీది లోపలుండాది."

"లోపలుండేది ఎవరికి కనపడతాదక్కా?"

"నువ్వు గట్టిగా కుట్టు. కనపడతాది."

పండుగ రెండు రోజులుందనగా దావీదురాజు పాస్టరు లేవి అయ్యగారిని వెంటబెట్టుకుని వరండాలోకి వచ్చాడు. లేవి కమలాపురం వైపు మనిషి, వయసు ముప్పై, ఈ ఊరికి వచ్చి ఆరు నెలలే. ఎవరినీ నొప్పించకూడదని ప్రతి మాటనూ నాలుగుసార్లు తిప్పి చూసుకుని మాట్లాడతాడు. బొంత చూసి ఆయన నోరు తెరిచాడు. "ఇది మీరే చేశారామ్మా?" అని రెండుసార్లు అడిగాడు.

"మేం పన్నెండు మందిమి అయ్యగారూ. కోతపండుగకు. ముందర గోడకు కట్టాల."

దావీదురాజు గొంతు సవరించుకున్నాడు. "గోడకు ఫ్లెక్సీ కొట్టించినాను గదమ్మా. ఆదోనిలో. రేపు వస్తాది."

"దాని పక్కన కట్టు."

"గోడంతా అదే పడతాది. సరేలే, ఇంత కష్టపడితిరి, కాదనను. ఎనక గోడకు కడదాం. కానీ రెండు పనులు చెయ్యాల. ఒకటి, శుభ్రంగా ఉతకాల. దేవుని సన్నిధికి చెమట గుడ్డలు తెస్తారా ఎవరన్నా? రెండోది, ఆ గళ్ల అంగీ కత్తిరించు. సిద్దమ్మ మన సంఘం కాదు గదా."

సిద్దమ్మ అక్కడే ఉంది. దబ్బనం గోనెలో గుచ్చి, చేతులు ఒళ్లో పెట్టుకుని తల వంచుకుంది.

జ్ఞానమణి లేచి నిలబడింది. "మిరప చేన్లో ఏ సంఘమని అడిగి కారం పడతాదా అన్నా? ఆయమ్మకు మంట, నాకు సల్లదనమా? ఒక్క పోగు తీయను. చెమట ఉతకను. ఎనక గోడకు కట్టను."

"మొండికేస్తే ఎట్ల? పెద్దోడు చెప్పితే వినాల గదా!"

"పోయినేడు వింటిమి గదన్నా. ఎనక కూచోమంటే కూచుంటిమి."

లేవి ఇద్దరినీ చూసి మెల్లగా అడిగాడు. "దీంట్లో ఘాటేమైనా ఉంటుందామ్మా? మిరప చేలో వేసుకున్నవి కదా..."

జ్ఞానమణి వంగి ఒక అంగీలో ముక్కు పెట్టి గట్టిగా పీల్చింది. "యాడిది అయ్యగారూ? గంజి వాసన తప్ప ఏం ల్యాదు. సూడండే మీరు కూడా!" ఆడవాళ్లంతా తలా ఒకచోట వంగి పీల్చారు. ల్యాదంటే ల్యాదన్నారు. అబద్ధం చెప్పలేదు సుమా! మూడు నెలలు కారంలో నాని, మొద్దుబారిపోయిన ముక్కులవి. వాటికి ఏమీ తెలియలేదు. మిరప చేలో ఏనాడూ దిగని అయ్యగారి ముక్కునే అడిగి ఉంటే సరిపోయేది. ఆయనేమో మర్యాదకు వంగలేదు.

ఆదివారం వచ్చింది. బయట నిప్పులు చెరిగే ఎండ, లోపల ఐదు ఫ్యాన్లు గిర్రున తిరుగుతున్నాయి. ముందు గోడ నిండా ఫ్లెక్సీ. దాని మీద గోధుమ కంకులు, యాపిల్ పండ్లు, ఒక మూల పెళ్లికొడుకులా నవ్వుతున్న దావీదురాజు ఫొటో. ఆ ఊళ్లో గోధుమ ఎవరు ఎప్పుడు పండించారో ఆ దేవుడికే తెలియాలి.

పంటలు తెచ్చేవాళ్ల వరస మొదలైంది. గుమ్మడికాయ అయింది, జొన్నలు అయ్యాయి, ఒక పుంజు కాళ్లకట్టు తెంపుకుని కాస్త హడావిడి చేసింది. చివర్న తలుపులోంచి పన్నెండు మంది ఆడవాళ్లు లోపలికి వచ్చారు. బొంతను పై అంచు పట్టుకుని, తెరచాపలా నిలబెట్టుకుని, అడ్డంగా నడిచి వచ్చారు. సిద్దమ్మ కొంగు నెత్తిన కప్పుకుని నాలుగో చోట ఉంది. జంఖానా మీద కూర్చున్నవాళ్లు కాళ్లు ముడుచుకుని దారి ఇచ్చారు.

"చెప్తిని గదా జ్ఞానమణీ, గోడకు జాగా ల్యాదని," అన్నాడు దావీదురాజు, పళ్ల మధ్య నుంచి.

"జాగా అడగల్యా. మేకులు అడగల్యా. మా చేతులుండాయి."

పన్నెండు మందీ గోడకు వీపు ఆనించి నిలబడి బొంతను రొమ్ముల దాకా ఎత్తి పట్టుకున్నారు. గోధుమలు పోయాయి, యాపిల్ పండ్లు పోయాయి. ఫొటోలో దావీదురాజు నుదురు మాత్రం ఇంత పైకి మిగిలింది. కింద ఎర్ర కాయలు, పైన చేతులు చాపిన అంగీలు, ఆ పైన నిజం తలకాయలు పన్నెండు. లేకపోయిన తలలు వచ్చి కూర్చున్నాయన్నమాట!

లేవి వాక్యం చదవడానికి పుస్తకం తెరిచాడు. అప్పుడు వచ్చింది మొదటి తుమ్ము.

ముందు వరసలో బోరు రైతు ఒకాయనది. ఆ వెంటే ఆయన భార్యది. తర్వాత ఇక వరస లేదు. నాలుగు రోజులు ఎండలో పెళుసెక్కిన గంజి, ఫ్యాన్ గాలికి పొట్టులా రాలి, అందులో అతుక్కున్న మూడు నెలల మిరప పొడినంతా తీసుకుని ఎగిరింది. తుమ్ములే తుమ్ములు! పిల్లల ఏడుపు, పెద్దల దగ్గు, పుంజు కూడా ఏదో వింత కూత కూసింది. లేవి కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు. దావీదురాజు మొహం సోమన్న రంగు డబ్బాలా ఎర్రబడింది.

అయ్యో, ఆరాధన పాడు చేశానే అనుకుంది జ్ఞానమణి. ఘాటు లేదని అయ్యగారికి తానే చెప్పింది. ఇప్పుడు అబద్ధాలకోరు అంటారు, కావాలని చేసిందంటారు. చేతులు వాటంతటవే అంగుళం కిందికి దిగాయి. పక్కవాళ్లవీ దిగాయి. అందరూ ఆమె వైపే చూస్తున్నారు.

అప్పుడు ఆమెకు ఒకటి కనిపించింది. ముందు కూర్చున్నవాళ్లంతా తుమ్ముతున్నారు. బొంత పట్టుకున్న పన్నెండు మందిలో ఒక్కరికీ కన్ను తడవలేదు. తలుపు దగ్గర చెప్పుల పక్కన కూర్చున్న ముఠా మగవాళ్లు, యేసుప్రసాద్‌తో సహా, ఏమైందిరా వీళ్లకని వింతగా చూస్తున్నారు.

"ఫ్యాన్లు ఆపండి!" అరిచాడు దావీదురాజు. ఆపారు. రెండు నిమిషాలకు చెమటలు కారి, ఊపిరాడక, "ఎయ్యండప్పా ఫ్యాన్లు!" అని గుంపు అరిచింది. వేశారు. మళ్లీ తుమ్ములు.

"దించు! ముందు ఆ గలీజు దించి బయట పారెయ్!"

జ్ఞానమణి చేతులు పైకి లేచాయి. ముందుకన్నా పైకి. ఫొటోలో మిగిలిన నుదురు కూడా పోయింది.

"దించం. ఘాటు ల్యాదనుకొని తెస్తిమి, మా ముక్కులు సచ్చిపోయినాయి గనక మాకు తెలీల్యా. అది మా తప్పే. కానీ ఇంగ దించం. పంట యాడ అని అడిగితివి గదన్నా పోయినేడు? ఇదో, ఈడుండాది. ముక్కులో పోతాండాది చూడు. మీకు పావుగంట. మాకు మూడు నెల్లు, ఇరవై ఏండ్లు. అయ్యగారూ, మా పంటకు కూడా ప్రార్థన చెయ్యండి. చేసేదాంక ఇట్లనే నిలబడతాం."

సిద్దమ్మ నెత్తి మీది కొంగు జారింది. సర్దుకోవడానికి చెయ్యి వదల్లేదు.

లేవి ముక్కు తుడుచుకున్నాడు. ఆయన నాలుగుసార్లు తిప్పి చూసుకునే మనిషి కదా, ఈసారి తిప్పడానికి తుమ్ములు టైము ఇవ్వలేదు. అరుగు దిగి, బొంత ముందుకు వచ్చి, గళ్ల అంగీ మీద ఒక చెయ్యి, జ్ఞానమణి అంగీ మీద ఒక చెయ్యి వేశాడు. ఆ ప్రార్థన ఎవరికీ పూర్తిగా అర్థం కాలేదు. మాటకొక తుమ్ము. "ఈ చేతుల పంటను" అన్నది మాత్రం అందరికీ వినిపించింది. ఆమెన్ అన్నది వెనక తలుపు దగ్గరి నుంచి గట్టిగా వచ్చింది. అక్కడి గొంతులే కదా ఆ పూట బాగున్నవి.

యేసుప్రసాద్ లేచి బయటికి పోయాడు. పారిపోయాడనుకుంది జ్ఞానమణి. సుత్తి, మేకులు పట్టుకుని వచ్చాడు. "పట్టుకోండే గట్టిగా. వంకర కొడితే నన్ను తిట్టొద్దండి," అంటూ కొట్టాడు, ఫ్లెక్సీ మీదుగానే, పన్నెండు మేకులు.

మరుసటి వారం దావీదురాజు రెండుసార్లు కబురు పెట్టాడు, కనీసం దులిపించమని. దులపనని ఆమె రెండుసార్లు తిప్పి పంపింది. తీయించమని లేవిని అడిగితే, ప్రార్థన చేసిన పంటను తీయడానికి నాకు చేతులు రావు అన్నాడట.

ఆదివారం జనం వచ్చారు. ముందు జంఖానా వాళ్లు ముక్కుకు రుమాలు కట్టుకుని కాసేపు చూశారు. ఒక్కొక్కరే జరుగుతూ జరుగుతూ, గాలి తగిలే తలుపు దాకా పోయారు. ముందంతా ఖాళీ. జ్ఞానమణి వెళ్లి బొంత కింద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. వెనకే ముఠా అంతా వచ్చి కూర్చుంది. సిద్దమ్మ తన గళ్ల అంగీని చూసుకోవడానికి వచ్చానని చెప్పి, పాట అయ్యేదాకా కూర్చుంది.

కూటం చివర్న సంఘం ప్రకటనలు చదవాలి. అది దావీదురాజు పని. ఆయన తలుపు దగ్గర, చెప్పుల కుప్ప పక్కన నిలబడి, కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని ఏదో గొణిగాడు.

జ్ఞానమణి వెనక్కి తిరిగి, చేయి చెవి దగ్గర పెట్టుకుంది.

"వినపడల్యాదన్నా! ముందుకొచ్చి చెప్పు!"